మన యాప్‌ల కాపీ ఎవరి దగ్గర ఉండాలి?

2017 సెప్టెంబరు 12న యాపిల్ సంస్థ ఐఫోన్ టెన్‌ను ప్రపంచానికి చూపించింది. అదే రోజు ఐట్యూన్స్ 12.7 కూడా విడుదలైంది. కొత్త ఫోన్ హడావుడిలో ఆ అప్‌డేట్ సంగతి చాలామందికి పట్టలేదు. ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లకు మాత్రం తేడా వెంటనే తెలిసింది. అంతకుముందు విండోస్ కంప్యూటర్‌లో గానీ మ్యాక్‌లో గానీ ఐట్యూన్స్ తెరిస్తే యాప్ స్టోర్ పెద్ద తెర మీద కనిపించేది. కావలసిన యాప్‌ను కంప్యూటర్‌లోకే దించుకుని దాచుకోవచ్చు. కేబుల్ పెట్టి ఫోన్‌ను కలిపితే ఏ యాప్ ఉండాలో, ఏది పోవాలో అక్కడే టిక్కు పెట్టుకోవచ్చు. ఫోన్ తెర మీది ఐకాన్లను మౌస్‌తో లాగి పేజీలవారీగా సర్దుకోవచ్చు. యాప్‌లను కంప్యూటర్‌లోకి దించుకునే వీలైతే 2008 జులైలో యాప్ స్టోర్ మొదలైన నాటి నుంచీ ఉన్నదే. 12.7తో ఇదంతా పోయింది. ఐట్యూన్స్ ఇకపై పాటలు, సినిమాలు, టీవీ కార్యక్రమాలు, పాడ్‌కాస్ట్‌లు, ఆడియో పుస్తకాల మీద దృష్టి పెడుతుందనీ, యాప్‌లు కావలసినవాళ్లు ఫోన్‌లోని యాప్ స్టోర్‌కే వెళ్లాలనీ సంస్థ వివరణ ఇచ్చింది. అప్పటికే కంప్యూటర్‌లో దాచుకున్న యాప్ ఫైళ్లు చెరిగిపోలేదు. వాటిని చేత్తో లాగి ఫోన్ మీద వదిలే వీలు కొంత మిగిలింది. కానీ వాటిని చూపించే జాబితా లేదు, వాటికి కొత్త వెర్షన్ తెచ్చుకునే మార్గం లేదు, కొత్త యాప్ దించుకునే మార్గం అసలే లేదు.

ఇది జరిగి ఏళ్లు గడిచాయి. ఇప్పుడు దీన్ని తవ్వడం ఎందుకంటే, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అనేది ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకునే సాధనంగా కూడా ఎలా పనిచేస్తుందో ఇంత స్పష్టంగా చూపించే ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం. డబ్బు పెట్టి కొన్న యాప్‌కు మన ఇంట్లో ఒక కాపీ ఉండే ఏర్పాటు అప్పటివరకు ఉంది. ఆ తర్వాత లేదు. ఈ మార్పుకు ఇంజనీరింగ్ కారణాలు ఉన్నాయి, అవి ఉత్తుత్తివి కావు. అయితే ఆ కారణాలన్నీ కలిపి చూసినా, ఫోన్‌లోంచే యాప్ దించుకోవడాన్ని మామూలు పద్ధతిగా చేయడానికి మాత్రమే సరిపోతాయి. రెండో దారిని మూసేయడానికి సరిపోవు. ఈ మాట హైదరాబాద్ నుంచి గట్టిగా వినపడాలని నేను కోరుకుంటాను, ఎందుకంటే ఒక సదుపాయాన్ని తీసేసేటప్పుడు పాటించాల్సిన మర్యాద ఏమిటో హైటెక్ సిటీ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఉన్న ఈ ఐటీ కారిడార్‌కు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ఆ తెలివిడి ఇక్కడి పుట్టుకలోనే ఉంది. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించే నాటికి హైదరాబాద్ కంపెనీలకు చేతినిండా పని పెట్టినవాటిలో వైటూకే ఒకటి. సంవత్సరాన్ని రెండంకెలతో దాచుకున్న పాత కోబాల్ ప్రోగ్రాములు 2000లో తప్పు లెక్కలు చెప్పకుండా, అమెరికా బ్యాంకులూ బీమా సంస్థలూ ఆగిపోకుండా చూడటం ఆ పని. 1987లో ఇక్కడే పుట్టిన సత్యం కంప్యూటర్స్ లాంటి సంస్థలు ఆ అలతో పెద్దవయ్యాయి. అంటే ఎవరో ఎప్పుడో రాసిన పాత సాఫ్ట్‌వేర్‌ను దాన్ని నమ్ముకున్నవాళ్ల కోసం బతికించి ఉంచడం ఈ నగరానికి అన్నం పెట్టిన తొలి విద్యల్లో ఒకటి. ఈ రోజుకీ మాదాపూర్‌లో ప్రొడక్షన్ సపోర్ట్ చూసే ఏ టీమ్‌నైనా అడగండి. చేంజ్ రిక్వెస్ట్ లేకుండా క్లయింట్ సిస్టమ్‌లో ఒక్క బటన్ కూడా కదపరు. రోల్‌బ్యాక్ ప్లాన్ రాయకపోతే రిలీజ్‌కు అనుమతి రాదు. శుక్రవారం సాయంత్రం డిప్లాయ్‌మెంట్ అంటే ఎవరూ ఒప్పుకోరు. ఒక ఫీచర్ తీసేయాలంటే నెలల ముందు డెప్రికేషన్ నోటీసు వెళ్తుంది, బదులు ఏం వాడాలో అందులో రాసి ఉంటుంది. ఇదంతా దయతో చేసేది కాదు, కాంట్రాక్టులో ఉంటుంది కాబట్టి చేస్తారు. కాంట్రాక్టు లేని మామూలు వాడకందారు దగ్గరికి వచ్చేసరికి ఆ పద్ధతి కనిపించకుండా పోతుంది. యాపిల్ 2016 మే నెలలో నానక్‌రామ్‌గూడ వేవ్‌రాక్‌లో తన కార్యాలయం గురించి ప్రకటించింది, టిమ్ కుక్ స్వయంగా వచ్చారు. కానీ అది మ్యాప్స్ పని కోసం పెట్టిన కేంద్రం. ఐట్యూన్స్ నిర్ణయాన్ని ఇక్కడి ఇంజనీర్ల మీదకు నెట్టే ఉద్దేశం నాకు లేదు. వాళ్లు తమ వృత్తిలో రోజూ పాటించే నియమాన్ని వాళ్ల ఇళ్లలోని ఫోన్లకు కూడా వర్తింపజేయమని అడగడమే నా ఉద్దేశం.

మూసేసిన దారి నిజంగా అవసరమా అని తేల్చాలంటే ముందు యాప్ ఫైలు లోపల ఏముంటుందో చూడాలి. ఐఫోన్ యాప్ నిజానికి ఒక జిప్ ఫైలు. దాని పేరు చివర ఐపీఏ అని ఉంటుంది. విప్పితే పేలోడ్ అనే ఫోల్డర్, అందులో ప్రోగ్రామూ, బొమ్మలూ, శబ్దాలూ ఉంటాయి. కొన్నవాళ్ల యాపిల్ ఐడీ వివరం ఉన్న చిన్న ఫైలు కూడా ఒకటి ఉంటుంది. అసలు ప్రోగ్రామ్ భాగాన్ని ఫెయిర్‌ప్లే అనే పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేస్తారు, కాబట్టి కొన్నవాళ్ల ఖాతా అనుమతి లేని ఫోన్‌లో అది తెరుచుకోదు. వీటన్నిటి మీదా డిజిటల్ సంతకం ఉంటుంది. ఫైళ్లలోని సమాచారం మొత్తాన్ని ఒక గణిత సూత్రంలో వేస్తే హ్యాష్ అనే పొడవాటి సంఖ్య వస్తుంది. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. ఆ హ్యాష్‌ల మీద సంతకం చేసే రహస్య తాళం యాపిల్ దగ్గర ఉంటుంది. ఆ సంతకం అసలుదో కాదో సరిచూసే బహిరంగ తాళం ప్రతి ఐఫోన్‌లోనూ ఉంటుంది. లక్క ముద్ర వేసిన కవరును ఎవరు మోసుకొచ్చారన్నది ముఖ్యం కాదు, ముద్ర చెక్కుచెదరకుండా ఉందా లేదా అన్నదే ముఖ్యం. ఇదీ అంతే. వైఫైలో వచ్చినా, కేబుల్ మీదుగా వచ్చినా, కంప్యూటర్‌లో రెండేళ్లు పడి ఉండి వచ్చినా ఫోన్ ఆ ఫైలును తనంతట తానే పరీక్షిస్తుంది. కంప్యూటర్ ఇక్కడ కేవలం మోసేది. కొన్న యాప్ కాపీ మన హార్డ్ డిస్క్‌లో ఉండటం వల్ల దొంగ కాపీలు తయారవుతాయనో, ఫోన్ భద్రత సడలిపోతుందనో అనుకోవడానికి ఈ నిర్మాణంలోనే ఆస్కారం తక్కువ.

బ్యాకప్ విషయం దీనికంటే ముఖ్యమైనది, చాలామందికి ఇప్పటికీ తెలియనిది. ఐఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపి బ్యాకప్ తీసుకుంటే ఫొటోలు, మెసేజ్‌లు, సెట్టింగ్‌లు, యాప్‌లు దాచుకున్న డేటా అందులోకి వెళ్తాయి. యాప్‌లు మాత్రం వెళ్లవు. పాత ఐట్యూన్స్‌లో ఇది లోటుగా అనిపించేది కాదు, ఎందుకంటే యాప్ ఫైళ్లు పక్క ఫోల్డర్‌లోనే ఉండేవి. ఫోన్ పాడై కొత్తది కొన్నప్పుడు రెండూ కలిపి కేబుల్ మీదుగా తిరిగి వచ్చేవి, పాత ఫోన్ ఎలా ఉందో అలాగే. 12.7 తర్వాత డేటా మాత్రమే కేబుల్ మీదుగా వస్తుంది. యాప్‌లన్నిటినీ ఫోన్ మళ్లీ ఇంటర్నెట్ నుంచి దించుకోవాలి. ఆ రోజుకు అవి స్టోర్‌లో ఉంటే సరే. లేకపోతే యాప్ రాసుకున్న డేటా మన దగ్గర భద్రంగానే ఉంటుంది, దాన్ని తెరిచే యాప్ ఉండదు. ఈ సంగతి యాపిల్‌కు తెలియనిది కాదు. 2017 సెప్టెంబరు 19న వచ్చిన ఐఓఎస్ 11లో, వాడని యాప్‌లను తీసేసి డేటాను మాత్రం ఉంచే కొత్త సదుపాయం పెట్టారు. యాప్ ఇంకా స్టోర్‌లో దొరుకుతుంటేనే డేటా మళ్లీ అందుతుందని ఆ సెట్టింగ్ కిందే రాశారు. ఆ షరతు చిన్నదేమీ కాదు. ఫ్లాపీ బర్డ్ ఆటను 2014 ఫిబ్రవరిలో దాన్ని తయారుచేసిన మనిషే స్టోర్ నుంచి వెనక్కి తీసుకున్నాడు. చిన్న కంపెనీలు మూతపడతాయి, డెవలపర్లు ఏటా కట్టాల్సిన ఫీజు మానేస్తారు, ఒక యాప్‌ను అమ్మేసి మరోటి మొదలుపెడతారు. సొంత కాపీ ఉన్నవాళ్లకు అప్పుడు ఒక ఆధారం మిగిలేది.

పాత ఫోన్లు వాడేవాళ్ల మీద పడిన దెబ్బ ఇంకో రకం. హైటెక్ సిటీలో కొత్త మోడల్ రాగానే పాతది అమ్మేసేవాళ్లున్నారు. ఆ ఫోన్లు అబిడ్స్ జగదీశ్ మార్కెట్ లాంటి చోట్ల చేతులు మారి ఎక్కడెక్కడికో చేరతాయి. 2012లో వచ్చిన ఐఫోన్ 5ను తీసుకోండి. అది 32 బిట్ ప్రాసెసర్ ఉన్న ఫోన్. ఐఓఎస్ 11 ఆ తరహా ప్రాసెసర్లను పూర్తిగా వదిలేసింది కాబట్టి ఆ ఫోన్ ఐఓఎస్ 10 దగ్గరే ఆగిపోయింది. దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు కొత్త యాపిల్ ఐడీ తెరిచి ఏదైనా యాప్ నొక్కితే, ఐఓఎస్ 11 గానీ ఆ తర్వాతది గానీ కావాలనే సందేశం వచ్చి ఆగిపోవచ్చు. అయితే 2013 నుంచే యాపిల్ ఒక మంచి ఏర్పాటు చేసింది. ఒక యాప్ మీ ఖాతాలో ఇదివరకే కొన్నట్టు నమోదై ఉంటే, కొత్త వెర్షన్ ఆ ఫోన్‌కు సరిపడకపోయినా, సరిపడే చివరి పాత వెర్షన్‌ను ఫోన్‌లోని స్టోర్ ఇస్తుంది. మెలిక అంతా ఆ నమోదులో ఉంది. కొత్త ఖాతాలో పాత కొనుగోళ్లు ఉండవు. పాత ఐట్యూన్స్‌తో ఈ ముడి విప్పడం తేలిక. కంప్యూటర్ ఫోన్ మోడల్ ఏమిటని అడగదు, కాబట్టి అక్కడ ఒకసారి యాప్ తీసుకుంటే ఖాతాలో నమోదవుతుంది. ఆ తర్వాత ఫోన్‌లో కొనుగోళ్ల జాబితా తెరిచి అదే యాప్ నొక్కితే పాత వెర్షన్ ఇమ్మంటారా అని అడుగుతుంది. అవునంటే దిగుతుంది. రెండు నిమిషాల పని. కంప్యూటర్‌లోంచి యాప్ స్టోర్ తీసేయడంతో, వేరే కొత్త ఐఫోన్ చేతిలో లేనివాళ్లకు ఈ దారి మూసుకుపోయింది. సర్వర్‌లో పాత వెర్షన్ ఉంది, ఇవ్వడానికి స్టోర్ సిద్ధంగా ఉంది, అడిగే కిటికీ మాత్రం లేదు. బాగా పనిచేస్తున్న ఫోన్‌ను పనికిరానిదిగా మార్చడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇక అభ్యంతరాలు. అన్నిటికంటే బలమైనది భద్రత గురించినది. కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఉన్న దారిని దుండగులు వాడుకున్న మాట నిజం. 2014 నవంబరులో పాలో ఆల్టో నెట్‌వర్క్స్ పరిశోధకులు వైర్‌లర్కర్ అనే మాల్‌వేర్‌ను బయటపెట్టారు. అది చైనాలో ఒక థర్డ్ పార్టీ స్టోర్ ద్వారా మ్యాక్‌లలోకి దూరి, కేబుల్‌తో కలిపిన ఐఫోన్లలోకి యాప్‌లు ఎక్కించేది. 2016 మార్చిలో అదే సంస్థ బయటపెట్టిన ఏస్‌డిసీవర్ ఈ చర్చకు ఇంకా దగ్గరిది. కంప్యూటర్ నుంచి యాప్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అది నిజంగా కొన్నదేనని రుజువు చేసే అనుమతి కోడ్ ఒకటి ఫోన్‌కు అందాలి. దాడి చేసినవాళ్లు యాప్‌ను ఒకసారి కొని ఆ కోడ్‌ను పట్టుకుని దాచారు. ఐట్యూన్స్‌లా నటించే విండోస్ ప్రోగ్రామ్ ఒకటి తయారుచేసి, అదే కోడ్‌ను ఎందరో ఫోన్లకు అందించారు. స్టోర్ నుంచి ఆ యాప్‌ను యాపిల్ తొలగించిన తర్వాత కూడా దాడి పనిచేసింది. ఇది తేలిగ్గా కొట్టేయదగ్గ అభ్యంతరం కాదు. కానీ జాగ్రత్తగా చూస్తే దాడికి అసలైన ఐట్యూన్స్ అవసరమే పడలేదు. దాన్ని అనుకరించే నకిలీ సరిపోయింది. అసలు ఐట్యూన్స్‌లో ఒక ట్యాబ్ తీసేస్తే నకిలీ ప్రోగ్రామ్ ఆగదు. ఒకసారి ఇచ్చిన కోడ్ ఎన్నిసార్లయినా చెల్లుబాటు కావడంలో ఉంది లోపం, మందు కూడా అక్కడే వేయాలి. వైర్‌లర్కర్ విషయమూ అలాంటిదే. ఉద్యోగుల ఫోన్ల కోసం కంపెనీలకు ఇచ్చే సర్టిఫికెట్లను అది దుర్వినియోగం చేసింది. ఆ సర్టిఫికెట్ల మీద అదుపు పెంచడం సరైన చర్య. ఇంట్లో ఐట్యూన్స్ వాడేవాళ్ల యాప్‌ల జాబితాకు దానితో సంబంధం లేదు.

రెండో అభ్యంతరం సైజు గురించి, ఇందులో కొంత న్యాయం ఉంది. 2015లో ఐఓఎస్ 9తో యాప్ స్లైసింగ్ వచ్చింది. అంతకుముందు ప్రతి యాప్‌లోనూ అన్ని రకాల తెరలకు సరిపడే బొమ్మలు, రకరకాల ప్రాసెసర్లకు సరిపడే ప్రోగ్రాములు ఒకే మూటలో వచ్చేవి. స్లైసింగ్‌తో స్టోర్ మీ ఫోన్ మోడల్ చూసి దానికి కావలసిన ముక్కలే పంపుతుంది. ఫోన్‌లో చోటు మిగులుతుంది. కంప్యూటర్‌కు మాత్రం ఏ ఫోన్ కోసమో తెలియదు కాబట్టి మూట మొత్తం దిగాలి. 16 జీబీ ఫోన్ ఉన్నవాళ్లకు ఫోన్ నుంచే దించుకోవడం మేలు అన్న మాట నిజమే. అందుకే దాన్ని మామూలు పద్ధతిగా పెట్టడంలో తప్పులేదన్నాను. అయితే పెద్ద మూటకు తనదైన ప్రయోజనం ఉంది. ఒకసారి దించితే ఇంట్లోని అన్ని మోడళ్లకూ పనికొస్తుంది, రేపు కొనబోయే ఫోన్‌కు కూడా. 1.5 జీబీ ఆటను మూడు ఫోన్లలో విడివిడిగా దించుకుంటే ముక్కలు చిన్నవైనా దించుకోవడం మూడుసార్లు. చోటు ముఖ్యమా, దాచుకోవడం ముఖ్యమా అన్నది వాడేవాళ్లు తేల్చుకోవలసిన విషయం.

ఇంటర్నెట్ చవకైపోయింది, ఇక దాచుకోవడం దేనికన్న ప్రశ్న మన కారిడార్‌లో సహజంగా వస్తుంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. 2017 మార్చిలో ఏసీటీ ఫైబర్‌నెట్ హైదరాబాద్‌లో 1 జీబీపీఎస్ బ్రాడ్‌బ్యాండ్ ప్రారంభించింది. గచ్చిబౌలి అపార్ట్‌మెంట్‌లో కూర్చుని చూస్తే డౌన్‌లోడ్ ఒక సమస్యే కాదు. కానీ 2017 సెప్టెంబరులో ఐఫోన్‌లో మొబైల్ డేటా మీద 150 ఎంబీ దాటిన యాప్ దిగేది కాదు, వైఫై ఉండి తీరాలి. అంతకుముందు ఆ హద్దు 100 ఎంబీ. 2019లో ఐఓఎస్ 13 వచ్చాక గానీ ఈ అడ్డు తొలగలేదు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేక జియో సిమ్ మీదే బతికే ఐఫోన్ వాడకందారుకు, ఆఫీసులోనో నెట్ సెంటర్‌లోనో ల్యాప్‌టాప్‌లోకి దించుకుని ఇంటికొచ్చి ఎక్కించుకునే దారి ఉపయోగపడేది. పైగా ఒకే ఫైలును మళ్లీ మళ్లీ దించడం వృథా అని యాపిల్ కూడా ఒప్పుకుంది. 2017 సెప్టెంబరు 25న వచ్చిన మ్యాక్ ఓఎస్ హై సియెర్రాలో కంటెంట్ క్యాషింగ్ అనే సదుపాయాన్ని మామూలు మ్యాక్‌లన్నిటికీ ఇచ్చింది. ఇంట్లో ఒక ఫోన్ దించుకున్న యాప్‌ను మ్యాక్ దాచి ఉంచి రెండో ఫోన్‌కు అందిస్తుంది. మంచి ఆలోచన. కానీ దానికి మ్యాక్ కావాలి. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి విండోస్ ల్యాప్‌టాప్‌లు. యాపిల్ కాన్ఫిగరేటర్ కూడా అంతే. అందులో యాప్‌లు ఎక్కించడం, హోమ్ స్క్రీన్ సర్దడం సాధ్యమే, కానీ అది స్కూళ్లూ కంపెనీలూ పదుల ఫోన్లు ఒకేసారి సిద్ధం చేయడానికి చేసిన సాధనం, మ్యాక్ మీదే నడుస్తుంది. విండోస్ మీద ఉన్నవాళ్లకు దీన్ని ప్రత్యామ్నాయంగా చూపించడం న్యాయం కాదు.

ఐట్యూన్స్‌లో యాప్‌ల ట్యాబ్‌ను వాడేవాళ్లు తక్కువమంది, వాళ్ల కోసం కోడ్‌ను మోయాలా అన్నది చివరి అభ్యంతరం. సాఫ్ట్‌వేర్ సంస్థలు ఏ బటన్‌ను ఎందరు నొక్కారో లెక్క చూసే ఫీచర్ల భవిష్యత్తు తేలుస్తాయి. ఆ లెక్కలో ఒక లోపముంది. అలాంటి సదుపాయాన్ని వాడేవాళ్లు సాధారణంగా ఇంట్లో మిగతావాళ్ల ఫోన్లు చూసిపెట్టేవాళ్లు. కొండాపూర్‌లో ఉద్యోగం చేసే అమ్మాయి పండక్కి ఖమ్మం వెళ్లినప్పుడు అమ్మ ఫోన్, నాన్న ఫోన్, బాబాయి ఫోన్ తన ల్యాప్‌టాప్‌కు కలిపి సర్దిపెడుతుంది. లెక్కలో కనిపించేది ఒక్క వాడకందారు, ఆమె ఫోన్‌తో కలిపి దాని మీద ఆధారపడిన ఫోన్లు నాలుగు. చూపు ఆనని పెద్దవాళ్లు, చిన్న తెర మీద ఐకాన్‌ను వేలితో నొక్కిపట్టి లాగలేనివాళ్లు ఆ అంకెల్లో ఎక్కడా విడిగా కనిపించరు. ఇదంతా ఊహ అనుకునేవాళ్లకు యాపిలే సమాధానం ఇచ్చింది. 12.7 వచ్చిన నెల తిరక్కముందే, 2017 అక్టోబరు మొదట్లో, కొన్ని వ్యాపార భాగస్వామ్య సంస్థలకు యాప్‌లు ఇన్‌స్టాల్ చేయడానికి ఐట్యూన్స్ ఇంకా అవసరం కావచ్చంటూ 12.6.3 అనే వెర్షన్‌ను తన సపోర్ట్ పేజీలో పెట్టింది. పాత యాప్ స్టోర్ అందులో యథాతథంగా ఉంది. 12.7 మీదే దాన్ని ఎక్కించుకోవచ్చు, ఎక్కించాక కొత్త వెర్షన్‌కు రమ్మని అది వేధించదు కూడా. అంటే ఆ దారి ప్రమాదకరమైనదీ కాదు, మోయలేని బరువూ కాదు. కాంట్రాక్టు ఉన్నవాళ్లు అడిగారు, తిరిగి ఇచ్చారు. ఆ పేజీ సంగతి ఎలాగో తెలుసుకున్న మామూలు జనం కూడా దించుకుని వాడుకున్నారు. తెలియనివాళ్లు మూసిన తలుపు దగ్గరే ఆగిపోయారు. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఈ భాగమే, ఎందుకంటే పరిష్కారం తయారై ఉండి కూడా దాని గురించి మామూలు మనిషికి ఒక్క మాట చెప్పినవాళ్లు లేరు.

ముందుగా చెప్పడం సాధ్యమే అనడానికి ఇదే కారిడార్‌లో సాక్ష్యాలున్నాయి. 1998 నుంచి హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ సెంటర్ నడుపుతున్న మైక్రోసాఫ్ట్, విండోస్ 11లో ఆండ్రాయిడ్ యాప్‌లు నడిపే ఏర్పాటును తీసేయాలనుకున్నప్పుడు 2024 మార్చి 5న ఆ సంగతి ప్రకటించి, 2025 మార్చి 5 దాకా గడువిచ్చింది. తీసేయడం వల్ల కలిగిన నష్టం ఆ గడువుతో పోలేదు గానీ, జనానికి ఏడాది సమయం దొరికింది. గూగుల్ 2025 ఆగస్టులో ఇంకో ప్రకటన చేసింది. తమ గుర్తింపును నమోదు చేసుకోని డెవలపర్ల యాప్‌లు సర్టిఫైడ్ ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇన్‌స్టాల్ కాకుండా చేస్తామని, 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లతో మొదలుపెట్టి 2027 నుంచి మిగతా దేశాలకు విస్తరిస్తామని చెప్పింది. కంప్యూటర్ నుంచి కేబుల్ మీద ఏడీబీ అనే డెవలపర్ సాధనంతో ఎక్కించే దారి ఉంటుందని కూడా చెప్పింది. ముందుగా చెప్పింది కాబట్టే డెవలపర్లు అభ్యంతరాలు తెలపగలిగారు. ఆ ఏడాది నవంబరుకల్లా, అనుభవం ఉన్న వాడకందారులు హెచ్చరికలు చూసి సొంత బాధ్యతతో ముందుకెళ్లే మరో మార్గం పెడతామని సంస్థ ఒప్పుకుంది. 2017లో ఐట్యూన్స్ వాడేవాళ్లకు అలా మాట్లాడే అవకాశం రాలేదు. అప్‌డేట్ పూర్తయ్యాక గానీ చాలామందికి విషయం తెలియలేదు.

మన దేశంలో ఈ మాట అడగడానికి ఒక వేదిక సిద్ధమవుతోంది. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రైట్ టు రిపేర్ మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ ప్రారంభించింది. మొబైల్ ఫోన్లు అందులో ఉన్నాయి. స్పేర్ పార్ట్స్, రిపేర్ మాన్యువల్స్, సర్వీస్ సెంటర్ల వివరాలు కంపెనీలు అక్కడ పెట్టాలన్నది ఉద్దేశం. బ్యాటరీ దొరక్క ఫోన్ మూలపడితే ఎంత నష్టమో, సరిపడే యాప్ సర్వర్‌లో ఉండి కూడా అందక మూలపడితే అంతే నష్టం. కాబట్టి ఆ సమాచారంలో సాఫ్ట్‌వేర్ కూడా చేరాలి. ఒక సదుపాయాన్ని తీసేసే అప్‌డేట్ వస్తున్నప్పుడు ఆ సంగతి ఇన్‌స్టాల్ బటన్ పక్కనే స్పష్టంగా కనిపించాలి, సదుపాయం ఉన్న చివరి వెర్షన్ ఇన్‌స్టాలర్‌ను ఎన్నేళ్లు అందుబాటులో ఉంచుతారో కంపెనీ రాసివ్వాలి. క్లయింట్లకు ఇలాంటి డాక్యుమెంట్లు రాయడంలో పాతికేళ్లకు పైగా చేయి తిరిగినవాళ్లు మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో వేలమంది ఉన్నారు. ఆ ఫార్మాట్ ఎలా ఉండాలో మంత్రిత్వ శాఖకు పంపే పని వాళ్లే మొదలుపెట్టవచ్చు.